గ్రాంథికం గారి పద్నాలుగో షరతు

"ఇది రాసిన మహానుభావుడు ఎవరండీ?"

ఆ గొంతు వినగానే ఒప్పందాల సెక్షన్లో టీ గ్లాసులు పెదాల దాకా వచ్చి ఆగిపోయాయి. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో వాన కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో నలిగిన కాగితాల కట్ట. గొడుగు నీళ్లు ఫైళ్ల మీద పడుతున్నాయన్న దిగులు ఆమెకు లేదు. ఫైళ్లకూ లేదు. వాటిని ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్లయిందో.

అందరి చూపులూ కిటికీ పక్క బల్ల మీదికి తిరిగాయి. ఆ బల్ల వెనకున్న కుర్రాడు కుర్చీలోనే కాస్త పొట్టివాడయ్యాడు.

ఆఫీసులో అతన్ని అందరూ గ్రాంథికం అంటారు. జిల్లాలో ఏ సంఘమైనా, సంస్థైనా బడిపిల్లలకు ఏదైనా నేర్పుతామని ముందుకొస్తే, విద్యాశాఖతో ఒప్పందం రాసుకోవాలి. ఆ ఒప్పందాలు రాసేది ఇతనే. మామూలుగా మాట్లాడేటప్పుడు మనిషే గాని, కలం పట్టుకుంటే పూనకం. 'వస్తే' అని రాయడు, 'విచ్చేసినచో' అంటాడు. సూపరింటెండెంటు గారికి అదే ముద్దు. "అర్థమైతే ఇంక దానికి విలువేముందయ్యా!" అని భుజం తట్టేవాడు.

"నేనేనండీ," అన్నాడు గ్రాంథికం.

"తెలుగులోనే రాశారా?"

"అచ్చ తెలుగు కాదు గాని, శిష్ట వ్యావహారికానికి కొంచెం పైన..."

"పైనే ఉంది. మాకు అందట్లేదు." ఆమె కాగితాలు బల్ల మీద పడేసింది. "నాలుగో షరతు చదవండి. పైకి చదవండి, అందరూ వింటారు."

అతను గొంతు సవరించుకున్నాడు. తన వాక్యం తాను చదువుకోవడమంటే అతనికి ఇప్పటికీ ఇష్టమే. "మొదటి పక్షము గదిని, తాళమును, విద్యుత్తును సమకూర్చవలెను. రెండవ పక్షము బాలబాలికలకు నాటకకళను నేర్పవలెను. ఇందులో తప్పేముందండీ? మొదటి పక్షమంటే బడి. రెండవ పక్షమంటే మీ నాటక బృందం."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. మా హెడ్మాస్టరు గారికి పక్షమంటే పదిహేను రోజులు."

టీ తాగుతున్నవాళ్లలో ఒకడికి పొలమారింది.

"నెలలో మొదటి పక్షం గది తీసి, లైట్లు వేసి కూర్చుంటారాయన. 'నేర్పనా సార్?' అంటే, 'ఇప్పుడు కాదమ్మా, నేర్పేది రెండో పక్షం' అంటారు. రెండో పక్షం వెళితే గదికి తాళం. 'గది, తాళం, కరెంటు మొదటి పక్షానివమ్మా. ఇప్పుడు నేర్పడం వరకే ఉంది, కానివ్వు' అంటారు. ఎక్కడ నేర్పనండీ? సైకిల్ స్టాండులో నేర్పుతున్నా. వాన పడితే రాజు వేషం వాడికీ బంటు వేషం వాడికీ ఒకటే సైకిల్ సీటు కవరు కిరీటం."

గ్రాంథికానికి నవ్వు వస్తోంది, నవ్వితే ఆ గొడుగు ఎక్కడ దిగుతుందో తెలియదు.

"సవరణ చెయ్యాలంటే కమిటీకి పెట్టాలండీ. కమిటీ కూర్చోవాలంటే..."

"ఎవరు కూర్చోవాలో, ఎవరు లేవాలో మీరు చూసుకోండి. ముందు మీరు లేవండి. మా బడికి వచ్చి, మీ పక్షం అర్థం మీరే చెప్పండి."

లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు. అంతవరకూ తను రాసిన ఒప్పందం వెంట అతను ఏ బడికీ వెళ్లినవాడు కాదు. ఒప్పందం ఆఫీసులో పుట్టి, ఫొటో దిగి, ఆఫీసులోనే కన్నుమూయడం ఆ సెక్షన్ సంప్రదాయం. ఏటా ఎన్ని ఒప్పందాలు కుదిరాయో పైవాళ్లకు రాస్తారు. వాటి వల్ల ఏ పిల్లకు ఏం వచ్చిందో రాసుకునే చోటు ఆ కాగితంలో లేదు.

హెడ్మాస్టరు గారు మంచివాడే. అక్షరం దాటి ఆలోచిస్తే ఉద్యోగం పోతుందని ఎవరో చిన్నప్పుడు భయపెట్టినట్టున్నారు. గ్రాంథికం చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"అంటే బాబూ, నేను మొదటి పక్షం."

"అవునండీ."

"నెలంతా నేనే మొదటి పక్షం?"

"నెలంతా మీరేనండీ."

"మరి అదేదో రాసి ఇవ్వండి. మీరు నోటితో చెబుతున్నారు, రేపు ఆడిట్‌వాళ్లు వచ్చి నోరు చూపించమంటే ఎవరి నోరు చూపించను?"

పక్కనే నిలబడ్డ అమ్మాయి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం దాచుకోలేకపోయింది. గ్రాంథికం ఆ కళ్లను చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

సైకిల్ స్టాండు రేకుల మీద వాన దరువేస్తోంది. పిల్లలు అప్పటికే నాటకం మొదలుపెట్టేశారు. తోడేలూ మేకా ఒప్పందం చేసుకునే కథ. మేక అడుగుతోంది: "ఇందులో నన్ను తినవని రాశావా?" తోడేలు: "'భక్షించుట జరుగకుండుటకు ప్రయత్నింపబడును' అని రాశాను." పిల్లలు విరగబడి నవ్వారు.

"ఈ డైలాగు ఎవరు రాశారు?" అన్నాడు గ్రాంథికం అనుమానంగా.

"మీరే. తొమ్మిదో షరతు. నేను 'పిల్లలకు దెబ్బలు తగులుట' తీసేసి 'భక్షించుట' పెట్టానంతే."

చెవులు ఎర్రబడ్డాయి గాని, నవ్వాడు. జీవితంలో మొదటిసారి తన వాక్యానికి చప్పట్లు పడ్డాయి. తిట్టుకు పడినా చప్పట్లు చప్పట్లే.

ఆ మూల ఒక చిన్న పిల్ల చేతులు కట్టుకుని, కదలకుండా నిలబడి ఉంది. "ఆ అమ్మాయి వేషమేంటి?"

"గది తలుపు." ఆమె గొంతు తగ్గించింది. "క్లాసులో నోరు విప్పదు. టీచరు పేరడిగినా ఏడుస్తుంది. మాటల్లేని వేషముంటే వస్తానంది. తోడేలు తడితే తెరుచుకోవాలి, అంతే. పోయిన వారం తడితే 'ఎవరది?' అందండీ. తలుపు మాట్లాడింది! ఎవరూ నవ్వొద్దని మిగతావాళ్లకి కళ్లతోనే చెప్పా. గది లేక ఈ బృందం చెదిరితే ఆ తలుపు మళ్లీ మూసుకుపోతుంది. అందుకే మీ ఆఫీసుకొచ్చి అరిచా. ఏమీ అనుకోకండి."

"అరిచారని అనుకోలేదండీ."

"మరి?"

"మాట్లాడారనే అనుకున్నా. మీ మామూలు గొంతే అదనుకున్నా."

ఆమె గొడుగు ఎత్తింది. అతను వానలోకి పరిగెత్తాడు.

సవరణ పని ఆ విధంగా మొదలైంది. ఏడాది చివరికి ఎలాగూ కొత్త ఒప్పందం రాయాలి, అదేదో అందరికీ తెలిసే తెలుగులో రాద్దామని కూర్చున్నారు. కమిటీ కూర్చోలేదు గాని, వీళ్లిద్దరూ బడి మెట్ల మీద రోజూ సాయంత్రం కూర్చున్నారు. అతను ఒక వాక్యం చదువుతాడు, ఆమె దాన్ని ఉతికి ఆరేస్తుంది.

"'సమకూర్చవలెను' ఎందుకండీ, 'ఇవ్వాలి' అంటే ఇవ్వరా?"

"ఇస్తారు గాని, గౌరవం ఉండదు."

"గౌరవం మీరుంచుకోండి. గది మాకివ్వండి."

'పక్షం' పోయి 'బడి', 'బృందం' వచ్చాయి. అతను ఆఫీసులో ఆమెను 'రెండవ పక్షం' అనడం మానలేదు. ఆమె ఫోనులో అతని పేరు 'మొదటి పక్షం' అని పెట్టుకుంది. ఫోను మోగితే తలుపు వేషం పిల్ల తొంగి చూసి, "అక్కా, పదిహేను రోజులు ఫోన్ చేస్తున్నాయి," అనేది. ఆ పిల్ల ఇప్పుడు అంత మాట్లాడుతోంది.

ఒక సాయంత్రం ఇద్దరికీ ఒకటే గొడుగు అయింది. రెండోది పోయిందని అతనన్నాడు. అది అతని సంచిలోనే ఉందని, దాని పిడి బయటికి కనిపిస్తోందని ఆమె అనలేదు.

ఆ పిడి ఆమె చూసినట్టే, ఈ సంగతి ఇంకొకరూ చూశారు.

"కూర్చో," అన్నాడు సూపరింటెండెంటు, ఎప్పుడూ లేనిది. "కొత్త ఒప్పందం చదివా. అంగడిలో బేరమాడినట్టుంది. పోనీలే, మిగతావి నీ ఇష్టం. పద్నాలుగోది మాత్రం పాతదే ఉంచు. అక్షరం కదలకూడదు. అది నీ కలానికే ఆణిముత్యం."

గ్రాంథికానికి ఆ షరతు గుర్తొచ్చింది.

సూపరింటెండెంటు కళ్లజోడు పెట్టుకుని, పద్యం చదివినట్టు చదివాడు. "'ఉభయ పక్షముల ప్రతినిధుల నడుమ బంధుత్వము గానీ, బంధుత్వమునకు దారితీయు అవకాశము గల పరిచయము గానీ, అట్టి పరిచయమునకు దారితీయు అవకాశము గల తరచు దర్శనము గానీ ఉన్నచో, ఈ ఒప్పందము తత్‌క్షణము రద్దగును.' బంధుత్వం అని ఒక్క ముక్క రాయమన్నా నిన్ను. దర్శనం దాకా వెళ్లింది నువ్వే బాబూ."

"సార్, ఆ పిల్లలు..."

"పిల్లలకేం, చేతుల సంస్థ ఉందిగా. ఆ గది వాళ్లూ అడుగుతున్నారు."

చేతుల సంస్థ అంటే చేతులు కడుక్కోవడం నేర్పే సంస్థ. ఏడాదికి ఒకసారి వస్తుంది. పిల్లల్ని వరసలో నిలబెట్టి, చేతులు కడిగించి, ఫొటోలు తీసి, మిగిలిన సబ్బులు లెక్కపెట్టి వెనక్కి పట్టుకుపోతుంది. దాని అధ్యక్షుడు సూపరింటెండెంటుకు స్వయానా బావమరిది. వాళ్ల ఒప్పందంలో పద్నాలుగో షరతు లేదు. పదమూడు తర్వాత పదిహేను. అచ్చుతప్పట.

గ్రాంథికం అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. మనసులో మాట ఆమెకు చెబితే ఒప్పందం పోతుంది. ఎందుకు రావడం లేదో చెప్పినా మనసులో మాట చెప్పినట్టే. ఏమీ చెప్పకపోతే ఆమే పోతుంది. పోతే పోయాను నేనొక్కణ్ణే కదా, ఆ పిల్లలకు గదైనా ఉంటుందని, బడివైపు వెళ్లడం మానేశాడు.

ఆమె ఫోను చేసింది.

"ఏమైపోయారు? తోడేలుకి కొత్త డైలాగులు కావాలి."

"తమ విజ్ఞప్తి పరిశీలనలో ఉన్నదండీ."

"మళ్లీ 'ఉన్నది' దగ్గరికి వచ్చారన్నమాట," అందామె. "సరేనండీ. సంతకాల రోజు కనపడతాం. అప్పటిదాకా మీ ఫైళ్లు మీరు కాసుకోండి, ఎలుకలుంటాయి."

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఆవిడ దర్జీ. కొడుకు ముఖం చూసి సైజు చెప్పగలదు.

"ఏంట్రా, ముఖం రెండంగుళాలు తగ్గింది?"

చెప్పాడు. మొదట ఆఫీసు కథలా మొదలుపెట్టి, చివరికి అమ్మాయి కథలా ముగించాడు. ఆవిడ మిషను ఆపకుండానే విన్నది.

"అంటే ఆ సెక్షన్లో ఉన్నంతకాలం నువ్వు ఆ పిల్ల ముఖం చూడకూడదు."

"అంతే."

"చొక్కా పట్టకపోతే ఒళ్లు కోసుకుంటామట్రా? చొక్కా విప్పేస్తాం." దారం పళ్లతో తెంపింది. "ఇంతకీ ఆ పిల్లకి నువ్వంటే ఇష్టమేనా?"

"తెలీదమ్మా."

"శుభం. అడక్కుండానే చొక్కా విప్పడానికి సిద్ధమయ్యావు, మీ నాన్నకంటే నయమే."

మర్నాడు అతను బదిలీకి అర్జీ పెట్టాడు. ఒప్పందాల సెక్షన్ వదిలి ఫర్నిచర్ సెక్షనుకు. ఫర్నిచర్ సెక్షనంటే నేలమాళిగలో ఒక గోడౌను. జిల్లా బడుల్లో విరిగిన బెంచీలన్నీ అక్కడికొస్తాయి, వచ్చినవి తిరిగి వెళ్లవు. మనుషుల సంగతీ అంతే. అక్కడికి శిక్ష మీద వెళ్లినవాళ్లున్నారు గాని, అడిగి వెళ్లినవాళ్లు లేరు. రావాల్సిన ప్రమోషనూ అటకెక్కింది. ఆఫీసంతా అతనికి పిచ్చెక్కిందని తేల్చేసి, టీ తాగింది. బదిలీ కాగితం మీద సూపరింటెండెంటు నవ్వుతూ సంతకం చేశాడు. ఆ నవ్వులో చదవకుండా చేసిన సంతకాలన్నింటికీ ఉండే ధీమా ఉంది.

పాత ఒప్పందం గడువు ముగిసింది. కొత్తదాని సంతకాల రోజు వచ్చింది.

మీటింగు హాల్లో బల్ల మీద నల్ల పెన్నులు పేర్చారు. జిల్లా డైరెక్టరమ్మ గారు మధ్యలో కూర్చుంది. ఏ మీటింగులోనైనా ఆవిడ ముఖం, తొందరగా ఇంటికి పోనివ్వండర్రా అన్నట్టు ఉంటుంది. నాటకాల అమ్మాయి పెన్ను తీసుకోబోతుండగా సూపరింటెండెంటు లేచాడు.

"మేడమ్, చిన్న ఇబ్బంది. ఈ సంస్థ విషయంలో పద్నాలుగో షరతు అడ్డొస్తోంది. బడిలో గది చేతుల సంస్థకి ఇచ్చేస్తే..."

"ఏమిటా షరతు?"

అతను చదివాడు. 'తరచు దర్శనము' దగ్గర ఊపిరి అందక ఆగి, మళ్లీ చదివాడు.

"దీనర్థమేంటి?" అంది డైరెక్టరమ్మ.

"అర్థమంటే... మేడమ్... గంభీరంగా ఉందండీ."

"ఎవరు రాశారు?"

నాటకాల అమ్మాయి అప్పటికే ఆ వాక్యం రెండోసారి చదువుకుంటోంది. కొత్త ఒప్పందం ఆమెకు కంఠతా వచ్చు, ఈ ఒక్క షరతూ తప్ప. మెట్ల మీద దీన్ని ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. చదివేకొద్దీ ఆమె కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

"రాసినాయన్ని పిలిపించండి మేడమ్," అంది. "ఆయన రాసింది ఆయనే విప్పాలి."

గ్రాంథికం వచ్చాడు. చొక్కా నిండా చెక్కపొట్టు, చెవి మీద పెన్సిలు.

"ఇది తెలుగులో చెప్పవయ్యా," అంది డైరెక్టరమ్మ.

అతను కాగితం వైపు చూడలేదు. "ఆఫీసు తరఫు మనిషికీ, సంస్థ తరఫు మనిషికీ చుట్టరికం ఉండకూడదండీ. చుట్టరికం కలిసేంత ఇష్టమూ ఉండకూడదు. ఆ ఇష్టం పుట్టేలా రోజూ చూసుకోనూ కూడదు. ఉంటే ఒప్పందం పోతుంది."

"అలా రోజూ వెళ్లి చూసినవాళ్లు ఉన్నారా?"

"ఉన్నారండీ."

"ఎవరు?"

"నేనేనండీ."

హాల్లో పెన్ను పడితే వినపడేది. ఒకటి పడింది కూడా. అది నాటకాల అమ్మాయి చేతిలోది.

"చూశారా మేడమ్!" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇష్టం సంగతేంటి?" అంది డైరెక్టరమ్మ. ఆవిడకు ఇంటికి పోవాలన్న తొందర తగ్గినట్టుంది.

"ఉందండీ. బాగా ఉంది. అందుకే ఒప్పందాల సెక్షన్ వదిలేశా. ఇప్పుడు నేను ఆఫీసు తరఫున ఈ ఒప్పందంలో ఎవర్నీ కాదు. విరిగిన బెంచీలు చూసుకుంటున్నా. బదిలీ కాగితం మీద సార్ సంతకమే ఉంది."

"అప్పుడు సెక్షన్లోనే ఉన్నాడు కదండీ!" సూపరింటెండెంటు బల్ల గుద్దాడు. "అప్పుడే కదండీ ఈ దర్శనాలు!"

"అప్పటిది పాత ఒప్పందం సార్. దాని గడువు తీరిపోయింది. పోయినదాన్ని రద్దు చెయ్యాలంటే చెయ్యండి, పాపం దానికేం తెలుస్తుంది?"

డైరెక్టరమ్మ దగ్గింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. "చుట్టరికాలంటే అంత పట్టింపున్నవారు కదా మీరు," అంది సూపరింటెండెంటుతో, "ఆ చేతుల సంస్థ ఒప్పందం కూడా తీసుకురండి, పద్నాలుగోది చదువుదాం."

సూపరింటెండెంటు కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. ఆ కాగితం తేవడానికి ఎవరూ లేవలేదు. అందులో పద్నాలుగోది లేదని అందరికీ తెలుసు గనకే లేవలేదు.

"ఏమ్మా," అంది డైరెక్టరమ్మ, "ఈయన సంగతి నీకు ముందే తెలుసా?"

"ఇప్పుడే తెలిసిందండీ. అందరితోపాటే."

"మరి నీ సంగతి?"

నాటకాల అమ్మాయి కిందపడ్డ పెన్ను తీసుకుంది. "నేను సంస్థ తరఫు మనిషిని కదండీ. ముందు సంతకం కానివ్వండి. ఆ తర్వాత చెబుతాను."

హాలంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వకుండా సంతకం పెట్టింది. డైరెక్టరమ్మ తన సంతకం పెట్టే ముందు పద్నాలుగో షరతుకు అడ్డంగా ఒక గీత కొట్టి, "ఇంత పొడుగు వాక్యం పిల్లల బడికి వద్దులే," అంది.

గ్రాంథికం చప్పుడు చేయకుండా బయటపడి, నేలమాళిగ మెట్లు దిగుతున్నాడు. వెనక చెప్పుల చప్పుడు.

"ఆగండి. ఇంతమంది ముందు చెప్పగలిగినవారు, నాకొక్కదానికి ముందే చెప్పలేకపోయారా?"

"చెబితే గది పోయేదండీ."

"చెప్పకపోతే నేను పోయేదాన్ని."

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నారా?"

"ఆ తలుపు మళ్లీ మూసుకుపోతుందని..."

ఆమె ఒక మెట్టు దిగింది. ఇద్దరూ ఒక మెట్టు మీదికొచ్చారు. అతని చొక్కా మీది చెక్కపొట్టు వేలితో దులిపి, ఆ వేలు వెంటనే వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది.

"మా గదిలో కూర్చోవడానికి ఏమీ లేదు," అంది. "మీ దగ్గర బాగుచేసిన బెంచీలుంటే ఒకటి కావాలి."

"పెద్దదా, చిన్నదా? రేపే పంపిస్తా."

"చిన్నదే. ఇద్దరు కూర్చునేది. పంపొద్దు. మీరే తీసుకురండి. వచ్చేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకురండి, ఆవిడతో మాట్లాడాలి."

గ్రాంథికానికి పెద్ద పెద్ద సమాసాలు గొంతు దాకా వచ్చి, ఇరుకైన దారిలో ఒకదాన్నొకటి తోసుకుని ఆగిపోయాయి.

"ఏంటి, దీనికీ అర్జీ రాసివ్వాలా?" అంది ఆమె.

"అక్కర్లేదండీ," అన్నాడతను. "నోటిమాట చాలు."